కచుడు తెచ్చిన విద్య

విద్య కొఱకు దేశాంతరము పోవుట మనకు నూతనమైన విషయము కాదు. కాశికి పోయి తర్కమో వ్యాకరణమో చదివి వచ్చిన పండితునకు మన అగ్రహారములలో ప్రత్యేకమైన గౌరవ ముండెడిది. ఆ ప్రయాణము కాలినడకను నెలల తరబడి సాగెడిది. పోయినవాడు తిరిగివచ్చునను నిశ్చయమును లేదు. నేడు అమెరికా ప్రయాణము సుమారు ఒక పగలు, ఒక రాత్రి. అమెరికా, బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ దేశములలో చదువుచున్న బిడ్డ లేని వీధి మన పట్టణములలో సులభముగా కానరాదు. పల్లెలలోను ఇది వింత కాదు.

భాగ్యనగరమునకు చేరువనున్న చిలుకూరు బాలాజీ సన్నిధికి పోయినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. అచ్చట కోరిక కోరుకొను భక్తులు 11 ప్రదక్షిణములు చేయుదురు; కోరిక తీరిన పిదప మరల వచ్చి 108 చేయుదురు. వీసా కొఱకు వచ్చు విద్యార్థులు అసంఖ్యాకులగుటచే లోకులు ఆ స్వామిని వీసా దేవుడని ముద్దుగా పిలుచుట కలదు. ఇందు పరిహసింపదగిన దేమియు లేదు. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకు ఋణము తెచ్చియో బిడ్డను పంపు తల్లిదండ్రులు దైవమును గాక మఱెవరిని ఆశ్రయింతురు?

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. 11 ప్రదక్షిణములలో కోరినది వీసా; 108 ప్రదక్షిణములు ఆ వీసా వచ్చినందులకు. ఆ పిమ్మట అబ్బాయి గాని, అమ్మాయి గాని రెండు మూడు సంవత్సరములు పరదేశములో గడపుదురు. ఆ కాలములో వారికి లభించిన దేమి? పట్టా లభించును; అది కాగితము. ఉద్యోగము లభింపవచ్చును, లభింపకపోవచ్చును, లభించినది ఊడిపోవచ్చును. ఇవి గాక, ఎచ్చటికి పోయినను వెంట వచ్చునది, ఎవ్వరును అపహరింపజాలనిది ఏదైన కలదా? కలదేని అది ఎవరి సొత్తు?

ఈ ప్రశ్నను విచారించుటకు మహాభారతము ఆదిపర్వములోని కచుని కథ కంటె తగినది నాకు కానరాలేదు. కచుడు చదువుకొన పోయినది పరదేశమునకు మాత్రమే కాదు, శత్రుదేశమునకు.

దేవతలకును రాక్షసులకును యుద్ధము జరుగుచున్న కాలమది. రాక్షసగురువగు శుక్రాచార్యునకు మృతసంజీవని తెలియును. కనుక యుద్ధములో కూలిన రాక్షసులు మరల లేచి నిలుచుచుండిరి. దేవగురువగు బృహస్పతికి ఆ విద్య తెలియదు. దేవతలు బృహస్పతి కుమారుడగు కచుని బ్రతిమాలి, వృషపర్వుని పట్టణములో నున్న శుక్రుని యొద్దకు పంపిరి.

కచుడు తన పేరు దాచుకొనలేదు. మాఱువేషము వేయలేదు. తాను అంగిరసుని మనుమడననియు, బృహస్పతి కుమారుడననియు చెప్పుకొని, శిష్యునిగా స్వీకరింపుమని ప్రార్థించెను. ఏ విద్యకై వచ్చెనో పైకి చెప్పలేదు. కాని శుక్రుడు ఆ మాత్రము ఊహింపలేనివాడు కాడు. ఊహించియు, నిన్ను గౌరవించుట బృహస్పతిని గౌరవించుటయే యని పలికి చేర్చుకొనెను. శత్రువు బిడ్డకు విద్య చెప్ప సమ్మతించిన ఆ గురువు మనస్సు ఎంత విశాలమైనదో ఆలోచింపుడు. నేడు మన బిడ్డలకు పాఠములు చెప్పు విదేశీయాచార్యులలోను ఇట్టివారు కలరు. వారిని మన ఇండ్లలో ఎవ్వరును తలచుకొనరు. ఫీజు కట్టితిమి కదా యని ఊరకుందుము.

పిదప కచుడు చేసినది సేవ. గురువునకు పరిచర్య చేసెను. గురుపుత్రికయగు దేవయానికి పువ్వులు, పండ్లు తెచ్చియిచ్చెను, పాడి వినిపించెను. అడవిలో ఆవులను మేపెను. ఇట్లు ఐదువందల యేండ్లు గడచినవని భారతము చెప్పుచున్నది. అన్ని యేండ్లలో సంజీవని ఒక్క అక్షరమైనను అతనికి రాలేదు. వచ్చిన వేమనగా ఆవులను కాచుట, పరుల ఇంట ఒదిగియుండుట, తన్ను ద్వేషించువారి నడుమ తొణకక తిరుగుట. వీనిని ఎవ్వరును అతనికి పాఠముగా చెప్పలేదు. బృహస్పతి ఇంటనే ఉండిపోయిన వీనిని నేర్చుకొను అవసరమే కలిగెడిది కాదు.

రాక్షసులు అతని నెఱిగి రెండు మాఱులు చంపిరి. రెండు మాఱులును దేవయాని కన్నీరు పెట్టుకొనగా శుక్రుడు బ్రతికించెను. మూడవ మాఱు వారు కచుని కాల్చి, ఆ బూడిదను మద్యములో కలిపి శుక్రుని చేతనే త్రాగించిరి. ఇప్పుడు కచుడు బ్రతుకవలెనన్న గురువు ఉదరము చీలవలెను. ఇద్దఱిలో ఎవరు లేకున్నను తాను జీవింపజాలనని దేవయాని పలికెను. శుక్రుడు వేఱు దారి లేక, తన కడుపులో నున్న శిష్యునకే సంజీవని నుపదేశించెను. కచుడు వెలుపలికి వచ్చి, నేర్చిన విద్యతో మొట్టమొదట గురువునే బ్రతికించెను.

ఈ ఘట్టమును మనము త్వరగా దాటిపోవుదుము. దాటరాదు. కచుడు లేచి నిలిచిన క్షణమున శుక్రుడు విగతజీవుడై పడియుండెను. అట్లే విడిచి పోయినచో రాక్షసులకు సంజీవని శాశ్వతముగ లేకుండును. దేవతలకు మాత్రమే ఉండును. పంపినవారి కార్యము అంతకంటె సంపూర్ణముగ నెరవేఱు మార్గము లేదు. స్వజనులయెడ భక్తి ఒకవైపు, విద్య చెప్పినవానియెడ ధర్మము ఒకవైపు. కచుడు గురువును లేపెను. యుద్ధము ముగియలేదు. ఆ విషయమై దేవతలు అతనిని నిందించినట్లు కథలో లేదు.

స్వర్గమునకు సెలవు తీసికొనునపుడు, దేవయాని తన్ను పెండ్లాడుమని కోరెను. గురుపుత్రికవు, నాకు సోదరివని కచుడు నిరాకరించెను. నీవు నేర్చిన విద్య నీకు ఫలింపకుండుగాక యని ఆమె శపించెను. కచుడు ఆ శాపమును తప్పింపుమని వేడుకొనలేదు. నాకు ఫలింపకున్న నేమి, నేను ఎవరికి నేర్పుదునో వారికి ఫలించునని బదులిచ్చెను.

ఈ బదులును నేను పలుమాఱులు తలపోసియున్నాను. వేయి యేండ్ల వ్రతము పూనిన విద్య తనకు పనికిరాకుండ పోయినదని తెలిసినపుడు మనబోటివారు కుప్పకూలిపోవుదుము. కచుడు మాత్రము విద్య అనగా చేతినుండి చేతికి పోవునదియే గాని, తన పెట్టెలో తాళము వేసికొనునది కాదని ముందే యెఱిగినవానివలె మాటాడెను. మన శాస్త్రములు మనుష్యునకు మూడు ఋణము లున్నవని చెప్పును: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. వీనిలో ఋషిఋణము తీఱునది అధ్యయనము చేతనే. అధ్యయనము చేసినవాడు మఱియొకనికి చెప్పనిచో, తనకు చెప్పినవారి యెడ ఆ ఋణమట్లే నిలిచియుండును. బ్యాంకు ఋణమునకు కంతులు, గడువు కలవు. దీనికి గడువు లేకుండుటచే మనము దీనిని మఱచిపోవుచున్నాము.

ఇది పురాణకథ కదా, నేటి బిడ్డకు ఎట్లు పొసగునని అడుగువా రుందురు. గాంధీమహాత్ముని లండను జీవితమును చూడుడు. తమ ఆత్మకథలో ఆ సంగతులన్నియు వారే దాపఱికము లేక వ్రాసియుంచిరి. 1888 సెప్టెంబరు 4వ తేదీన వారు బొంబాయిలో ఓడ యెక్కిరి. అప్పటికి పందొమ్మిది యేండ్లు నిండలేదు. సముద్రయానము చేయుచున్నాడని కులపెద్దలు వెలివేసిరి. తల్లి పుత్లీబాయి ఒక జైనసాధువు సమక్షమున మూడు ప్రతిజ్ఞలు చేయించినది: మద్యము, మాంసము, పరస్త్రీ కూడదని. పోయినది బారిష్టరు పట్టా కొఱకు. 1891 జూన్ 10వ తేదీన ఆ పట్టా లభించెను. 12వ తేదీన తిరుగు ప్రయాణమైరి.

ఆ పట్టా మొదట వారికేమి చేసినది? బొంబాయిలో చిన్న దావాల న్యాయస్థానమున తమ తొలి వ్యాజ్యములో సాక్షిని ప్రశ్నింప లేచి, నోట మాట రాక కూలబడిరి. వ్యాజ్యమును వేఱొక వకీలున కప్పగించి తమ ఫీజు తిరిగి తీసికొనుమని చెప్పి వెలుపలికి వచ్చిరి. ఏ విద్య కొఱకు సముద్రములు దాటిరో ఆ విద్య అక్కఱ పడిన నాడు ఫలింపలేదు. కచుని శాపము వంటిదే యిది.

అయితే ఫలించినవి వేఱు కలవు. లండనులో తొలి రోజులలో వారు దొరవేషము మీద మోజుపడి పది పౌనులతో సూటు కుట్టించుకొనిరి, నాట్యము నేర్వబోయిరి, ఫిడేలు కొనిరి. ఆ వ్యామోహము సుమారు మూడు నెలలు. పిదప ఎవ్వరును మందలింపకయే తమ్ము తాము పరీక్షించుకొని, చిన్న గదికి మారి, చిన్న పొయ్యి కొని, ఉదయపు ఆహారము తామే వండుకొనిరి. దినమునకు ఎనిమిది, పది మైళ్ళు నడచిరి. ఖర్చుపెట్టిన ప్రతి ఫార్దింగునకును లెక్క వ్రాసి, రాత్రి పండుకొనుటకు ముందు సరిచూచుకొనిరి. విశ్వవిద్యాలయములలో ఈ పనికి పట్టాలు లేవు. కాని 1894లో దక్షిణాఫ్రికాలో నేటాలు ఇండియను కాంగ్రెసును స్థాపించిననాడు, ఆ తరువాత లక్షల రూపాయల ప్రజాధనము తమ చేతిమీదుగ నడచిననాడు, ఆ లండను గదిలోని లెక్కల పుస్తకమే వారిని కాపాడినది. తాము నడపిన ఉద్యమములలో అప్పు మిగులక నిలువ మిగిలినదనిన, దానికి కారణము ఆ అలవాటే యని వారే చెప్పుకొనిరి.

తల్లికిచ్చిన మాట సంగతి ఇంకను గమనింపదగినది. లండనులో తొలినాళ్ళలో శాకాహారము దొరకక వారు అర్ధాకలితో గడపిరి. మాంసము తినుమని స్నేహితులు వాదించిరి. వారికి ప్రతివాదము తోచలేదు; తల్లికి మాట యిచ్చితినని మాత్రమే చెప్పగలిగిరి. వెదకి వెదకి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొని, అచ్చటనే సాల్ట్ దొర వ్రాసిన శాకాహార పుస్తకమును కొని చదివిరి. ఆనాటినుండి అది తల్లి నియమము గాక తమ నియమమైనది. ఇంటినుండి తీసికొనిపోయిన ఆచారము పరదేశములో రెండు విధముల కావచ్చును. బరువని తలచి విడిచిపెట్టవచ్చును. లేదా విచారించి, తనదిగా చేసికొనవచ్చును. ఊరిలో నున్నంతవఱకు ఈ రెంటిలో ఏదియు జరుగదు, అలవాటుగా సాగిపోవును. భగవద్గీత విషయమును ఇట్టిదే. రెండవ సంవత్సరము ముగియువేళ ఇద్దఱు దివ్యజ్ఞానసమాజ సోదరులు, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఆంగ్లానువాదమును తమతో కలిసి చదువ రమ్మనిరి. సంస్కృతమున గాని, గుజరాతీలో గాని తాను గీతను చదివియుండలేదని ఆ యువకుడు సిగ్గుపడెను. గీతను మొదటిసారి చదివినది అచ్చట, ఆంగ్లములో.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమును చదివి నవ్వనివారు తెలుగునాట నుండరు. మొగలితుఱ్ఱు విడిచి పోయిన ఆ అబ్బాయి తెలియని ప్రతి వస్తువు ముందును తికమకపడును. మనము నవ్వుదుము, కాని తెలియని చోట తెలియదని బయటపడుటయు ఒక చదువే. మన బిడ్డలు ఇంట నున్నంతకాలము అన్నము ఉడికిన దెప్పుడో ఎఱుగరు. తరగతిలో అర్థము కానిచో తల యూపి యూరకుందురు, మందమతి యందురేమో యని. పరదేశములో తొలి శీతకాలమున గదిలో ఒంటరిగ నున్నపుడు గంజి వార్చుట, బట్టలుతుకుట, చేతిలో నున్న సొమ్ముతో నెలాఖరు వఱకు గడపుట, ఇతరజాతివానితో ఒకే వంటగదిలో కలహింపక మెలగుట, ఆచార్యుని యెదుట నిలిచి నాకిది అర్థము కాలేదని చెప్పుట అలవడును. ఇవి ఏ దేశమునకైనను, ఏ వృత్తికైనను వెంట వచ్చును. వీనిని చిన్నవని మనము లెక్కింపము. జీతమెంత యని అడుగుదుము గాని, వంట యెవరు చేయుచున్నారని అడుగుట తల్లికొక్కతెకే తోచును.

మన నేలయే ఇతరులకు పరదేశమైన కాలమును మఱువరాదు. ఏడవ శతాబ్దమున చీనాదేశమునుండి వచ్చిన హుయాన్‌త్సాంగు నాలందలో శీలభద్రాచార్యుని యొద్ద చదివి, దక్షిణమునకు వచ్చి, నేటి అమరావతి ప్రాంతమగు ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచెను. అచ్చట ఇద్దఱు భిక్షువుల యొద్ద మహాసాంఘికుల అభిధర్మమును నేర్చెను. ప్రతిగా వారికి మహాయానశాస్త్రములను చెప్పెను. అతడు వచ్చినది నేర్చుటకు. కాని కృష్ణాతీరమున గురువును శిష్యుడును ఒకరికొకరై కూర్చుండిరి. 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరి, 664లో మరణించువఱకు వానిని చీనాభాషలోనికి అనువదించుచునే యుండెను. దారిలో సింధునది దాటునపుడు కొన్ని వ్రాతప్రతులు నీటిపాలైనవి. 654లో అతడు భారతదేశములోని పండితులకు వ్రాసిన లేఖలో తన గురువు శీలభద్రుని మరణమునకు దుఃఖించి, నీట పోయిన గ్రంథముల పట్టిక వ్రాసి, వీలైన పంపుమని కోరెను. చదువు ముగించి వచ్చి తొమ్మిది సంవత్సరములైన పిదప వ్రాసిన ఉత్తరమది. మన విద్యార్థులలో పట్టా పుచ్చుకొన్న తొమ్మిదవ యేట తన ఆచార్యునకు ఉత్తరము వ్రాయువారు ఎందఱుందురో!

ఇంతవఱకు తిరిగివచ్చినవారి మాట. తిరిగిరానివారి సంగతి యేమి? ఇది మన ఇండ్లలో నోరు విప్పి అడుగలేని ప్రశ్న. తిరిగిరాని ప్రతివాడు కృతఘ్నుడనుట కొందఱికి పరిపాటి. నే నంగీకరింపను.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, ఒక ధర్మసంస్థ మాట యిచ్చిన సహాయముతోను, మామగారి ధనముతోను అమెరికాలోని బోస్టనుకు పోయిరి. వైద్యపట్టా గల ఆ యువకుడు పొట్టకూటికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళల సేవకుని పని చేసెను. కచుడు ఆవులను కాచిన రీతి యిదియే. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ అను జీర్ణవ్యాధితో మరణించియుండిరి; ఆ వ్యాధికి పనిచేయు ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రజ్ఞబృందమునకు తరువాతి కాలమున ఆయనయే నాయకుడయ్యెను. బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజైన్ అను మందును 1947లో ఆయన బృందమువారే వెలువరించిరి. ఆయన 1948లో న్యూయార్కు రాష్ట్రములో మరణించిరి. స్వదేశమునకు మరల రాలేదు.

ఆయన రాలేదు గాని మందు వచ్చినది. ఆయన పుట్టిన గోదావరీతీరము బోదకాలుకు ప్రసిద్ధికెక్కిన ప్రాంతము. ఈ వ్యాధి నిర్మూలనకై 2004 నుండి దేశవ్యాప్తముగ జరుగుచున్న సామూహిక ఔషధవితరణములో ఇంటింటికి తిరిగి పంచు మాత్రలలో అదియు నొకటి. మ్రింగువారిలో ఆయన పేరెఱిగినవారు అరుదు. విద్య తనకు ఫలింపకున్నను నేర్చినవారికి ఫలించునని కచుడు పలికినదానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నేను చూపలేను. కనుక శరీరము తిరిగివచ్చినదా లేదా యనుట ఒక్కటే కొలబద్ద కాజాలదు. ఇచ్చటనే యుండి నేర్చిన దేదియు ఎవ్వరికిని చెప్పక దాచుకొన్నవా రుందురు. అచ్చట నుండియే ఊరి బడిలో చదువు పిల్లలకు వారము వారము పాఠము చెప్పువా రుందురు. వీరిలో ఎవరు తిరిగివచ్చినట్లు?

అయినను ఈ విచారమును ఇంత తేలికగా ముగించుటకు మనస్సు ఒప్పదు. సుబ్బారావుగారు ఓడ యెక్కినపుడు ధర్మపత్నిని ఇచ్చటనే విడిచిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. ఆమె గడపిన సంవత్సరములకు ఏ మందును బదులు కాజాలదు. మాతృదేవి మరణవార్త గాంధీజీకి తెలిసినది బొంబాయిలో ఓడ దిగిన పిదపనే. పరదేశములో దుఃఖము భరింపలేడని అన్నగారు దాచిరి. నేడు ప్రతిరాత్రి చరవాణిలో ముఖములు చూచుకొనుచున్నాము గదా, ఆ కష్టములు లేవందురు. కొంత నిజమే. ఆసుపత్రి వరండాలో ఒంటరిగ కూర్చున్న తండ్రికి ఆ ముఖము ఎంతవఱకు ఊతమగునో, కూర్చున్నవానికే తెలియును.

భారతము ఈ బాధను కప్పిపుచ్చలేదు. దేవయాని కోపమును అన్యాయమని మనము సులభముగ తేల్చివేయుదుము. కాని కచుడు పాడి వినిపించిన పాటలు, తెచ్చియిచ్చిన పువ్వులు ఆమె మనస్సులో దేనిని పెంచినవో అతడు ఎఱుగకుండెనా? ఆమె లేకున్న అతడు మొదటి మరణముతోనే ముగిసెడివాడు. నిరాకరించుట ధర్మమే కావచ్చును. ఆ ధర్మమునకు మూల్యము చెల్లించినది మాత్రము ఆమె. పైగా, ఏ ఋషిపుత్రుడును నిన్ను పెండ్లాడడని కచుడు ఎదురుశాప మిచ్చెను. అన్ని యేండ్ల సేవలో ఓర్పు నేర్చినవాడు ఆ ఒక్క క్షణమున దానిని మఱచెనని నాకు తోచును. కచుడు స్వర్గమునకు పోయి దేవతలకు సంజీవని నేర్పెను. వారు ఉత్సవము చేసికొనిరి. దేవయాని తరువాత యయాతి మహారాజును వరించినది. ఆ దాంపత్యము ఆమెకు సుఖము నీయలేదు.